మునిగిన నూతిలో ఎర్రనీళ్లు

వారానికి రెండుసార్లు భవానీపురంలో మేముండే మూడో అంతస్తుకి నీళ్ల టిన్ను వస్తుంది. తెచ్చిన మనిషి దాన్ని గుమ్మంలో దించి మెట్లు దిగీ దిగకముందే నేను మూత ఊడదీసి, చిటికెన వేలు తడిపి, నాలిక చివర పెట్టుకుంటాను. మా కోడలు ప్రతిసారీ నవ్వుతుంది. “ఏ రుచీ ఉండకూడదనే కదండీ అత్తయ్యగారూ, కొనుక్కుంటున్నాం” అంటుంది. ఆమె చెప్పేది సబబే. ఆ నీళ్లలో ఉప్పు లేదు, సున్నం లేదు, మట్టి లేదు, కాస్త ప్లాస్టిక్ వాసన తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అయినా ఎనభై దాటిన ఈ నాలిక ఊరుకోదు. ఇది మా నాన్న నేర్పిన అలవాటు. వదిలించుకుందామని చాలా ఏళ్లు చూశాను, ఎందుకంటే నీళ్లు రుచి చూసిన ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు ఎందుకో ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు పామర్రుకి రెండు కోసుల దూరంలో, కాలవ గట్టు మీద ఉండేది. ఊళ్లో ఒక వీధి వీధంతా మగ్గాలే. పొద్దు పొడవకముందే మొదలయ్యే ఆ చప్పుడు ఏ రోజైనా ఆగిందంటే వీధిలో ఎవరో పోయారని అర్థం. మా నాన్నకి మగ్గం లేదు, ఆ మగ్గాలన్నిటికీ కావలసిన నూలుకి రంగు వేసేవాడు. మా పెరట్లో రంగు పాక, పాకలో మెడ దాకా భూమిలో పాతిన బానలు, వాటిమీద తాటాకు మూతలు, దండేల మీద నీళ్లు కారుతూ వేలాడే నూలు చిలపలు, వీటన్నిటి మధ్య కరక్కాయల వగరు వాసన, పటిక వాసన, పులిసిన గంజి వాసన. బయటివాళ్లు ముక్కు మూసుకునే ఆ వాసనలో మేము అన్నాలు తిన్నాం, చదువుకున్నాం, నిద్రపోయాం. మా ఇంట్లో అందరి అరచేతులూ ఎర్రగా ఉండేవి, గోళ్ల కింద మరీ ఎర్రగా. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు మనకి గోరింటాకు ఖర్చు లేదని మా అమ్మ నవ్వేది.

నాకు ఊహ తెలిసేసరికి యుద్ధం వచ్చింది. యుద్ధమంటే మాకు కిరసనాయిలు దొరక్కపోవడం, నూలు మీద కంట్రోలు రావడం, బందరు కొట్లలో డబ్బాల్లో దొరికే సీమ రంగు మాయమైపోవడం. ఎరుపు లేకపోతే చీరకి అంచు లేదు, అంచు లేని చీర ఎవరూ కొనరు. వీధంతా తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు మా నాన్న తన తాత వాడిన చిరివేరుని గుర్తు తెచ్చుకున్నాడు. అది జానెడు మొక్క, ఇసకలో అణిగిమణిగి ఉంటుంది, కానీ కింద మూరెడు వేరు దిగుతుంది. చూడ్డానికి దారంలా సన్నగా, పసుప్పచ్చగా, ఎందుకూ పనికిరానిదానిలా ఉండే ఆ వేరుని దంచి, పటిక చూపించి, కాస్త గుల్లసున్నం తగిలిస్తే చూడాలి దాని ఎరుపు! ఉతికినకొద్దీ ముదురుతుంది. గుల్లలు కలిసిన ఇసకలో పెరిగిన వేరుకే ఆ బలం. అది దొరికే చోటు, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర, జనానికి దూరంగా ఉన్న ఒక చిన్న దిబ్బ. వేరు వల్లే దానికి వేళ్లదిబ్బ అని పేరొచ్చింది.

రంగు పనిలో సగం నాలికదే. నీళ్లలో ఉప్పుంటే ఎరుపు మురికిగా దిగుతుంది, మరీ చప్పగా ఉంటే పాలిపోతుంది. నాన్న చుక్క నీళ్లు నాలిక మీద వేసుకుని అవి కాలవవో, చెరువువో, ఎవరి దొడ్లో నూతివో చెప్పేసేవాడు. నా తమ్ముళ్లిద్దరికీ అంటని ఆ విద్య నాకు అబ్బింది. దాంతో ఆయనకి నేనంటే ఎక్కడలేని మురిపెం. “మా అమ్మాయి నాలిక అబద్ధమాడదు” అని వీధిలో వాళ్లందరికీ చెప్పుకునేవాడు. అందుకే వేసవి సెలవులివ్వగానే, ఆడపిల్లని అంత దూరం ఏమిటని అమ్మ గొణుగుతున్నా వినకుండా నన్ను వెంటబెట్టుకుని దిబ్బకి బయలుదేరేవాడు. వరసగా మూడేళ్లు వెళ్లాను. మొదటిసారి నాకు తొమ్మిదేళ్లు.

అటుకుల మూట, బెల్లం, ఆవకాయ జాడీ, నిండా నీళ్లతో రెండు కూజాలు సర్దుకుని, ఎద్దుబండి మీద బందరు దారి పట్టి, అక్కణ్ణించి కాలవ పడవలో గడ్డిమోపుల మధ్య పడుకుని, కాలవ చివర తెరచాప నావ ఎక్కి, మడ చెట్ల మధ్య పాయల్లో మలుపులు తిరిగి తిరిగి, నీళ్ల రంగు బురద నించి ఆకుపచ్చకి మారి, గాలికి ఉప్పు వాసన పట్టి, ఇంక భూమి లేదు కాబోలు అని నేను భయపడే వేళకి ఎదురుగా బోర్లించిన చేటలా దిబ్బ కనిపించేది. పాతిక గుడిసెలు ఉండేవేమో. మగవాళ్లు చేపల వేటకి వెళ్తే ఆడవాళ్లు చిన్న గునపాలతో వేరు తవ్వేవారు. నేను వాళ్ల పక్కన గొంతుక్కూర్చుని వేళ్ల మట్టి దులిపేదాన్ని. జొన్న సంకటి, చింతచిగురుతో వండిన ఎండు రొయ్యలు, పొద్దుటి ఎండలో చల్లగా తాటిముంజలు. మా ఊళ్లో పండక్కి చేసుకున్న బూరెల రుచి గుర్తులేదు గానీ ఆ సంకటి రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

దిబ్బకి తూర్పు ఒడ్డున నీళ్లలో ఒక ఊరు ఉండేది. అవును, ఊరే. దిబ్బవాళ్లు దాన్ని పాతూరు అనేవారు. పోటు మీద ఉన్నప్పుడు ఏమీ తెలిసేది కాదు, మామూలు సముద్రమే. పాటు తీసి నీళ్లు వెనక్కి పోతుంటే ఒక్కొక్కటే బయటపడేది. ముందు బారుగా ఒక గోడ తల, తరవాత దానికి అడ్డంగా ఇంకో గోడ, ఆ పైన ఇటుకలు పరిచిన నేల, చివర నాలుగు మెట్లు. ఆ మెట్లు పైకి ఎక్కవు, సముద్రంలోకి దిగుతాయి. నీళ్లు తేటగా ఉన్న రోజున నావలోంచి వంగి చూస్తే ఆ మెట్ల తరవాత ఇంకా మెట్లు, ఆ కింద గుండ్రంగా ఏవో కట్టడాలు, వాటి మీద నాచు జుట్టులా కదులుతూ కనిపించేవి. ఎవరి ఊరో, ఎప్పుడు మునిగిందో ఎవరికీ తెలియదు. రాజుగారి ఊరని ఒకరు, ఓడల వర్తకుల ఊరని ఒకరు అనేవారు. మా నాన్న మాత్రం ఆ గుండ్రటి కట్టడాలు రంగు బానలేననీ, అది మన రంగులవాళ్ల ఊరేననీ పట్టుబట్టేవాడు. ఎవరి పని వాళ్లకి అన్నిచోట్లా కనిపిస్తుంది మరి.

ఆ పాతూళ్లోనే దిబ్బవాళ్ల ప్రాణం ఉండేది. అది ఒక నుయ్యి. కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దింపి, పైన చుట్టూ ఇటుకల గట్టు కట్టిన పాతకాలపు నుయ్యి. వేసవిలో దిబ్బ మీద చెలమలన్నీ ఉప్పెక్కిపోయేవి. సముద్రం అడుగున ఉన్న ఆ నూతిలో మాత్రం తియ్యటి నీళ్లు ఊరేవి. ఎలాగని ఎవరూ అడిగేవారు కాదు, ఉన్నాయి, అంతే. అమావాస్యకీ పున్నానికీ అటూ ఇటూ రెండేసి రోజులు, మధ్యాహ్నం దాటాక పాటు బాగా తీసినప్పుడు మాత్రమే నూతి నోరు పైకి తేలేది. ఆడవాళ్లందరూ కడవలతో మోకాటి లోతు నీళ్లలో నడిచి వెళ్లి, మూత తీసి, పైనున్న ఉప్పునీళ్లు తోడి పారబోసి, కాసేపు ఆగి, తీపి నీరు ఎక్కాక తోడుకునేవారు. మళ్లీ పోటు తిరిగేలోగా తాటాకు చాప చుట్టి నూతి నోట్లో దిగ్గొట్టి, పైన బంకమన్ను మెత్తి మూసెయ్యాలి. ఆ నాలుగైదు రోజుల్లో బానల్లో నింపుకున్న నీళ్లే పదిహేను రోజులకి ఆధారం. అందుకని నూతి దగ్గర మాటా మంచీ అన్నీ ఒక పద్ధతిలో నడిచేవి. చెప్పులు లేవు, ఉమ్మడం లేదు, దెబ్బలాట లేదు, ముట్టయిన ఆడది ఆ దరిదాపులకి రాకూడదు.

ఆ పద్ధతులన్నీ నాంచారమ్మ చేతిలో ఉండేవి. ముసలామె, వితంతువు, నూతి మూత తీసి మొదటి ముంత నీళ్లు తాగి, సరే అంటేనే మిగతావాళ్లు తోడుకునేవారు. ఆమె కూడా నాలికతోనే చెప్పేది కాబట్టి మా నాన్నకి ఆమె అంటే తోటి పనివాడి మీద ఉండే గౌరవం. ఆమె మనవరాలు వీరమ్మ. నాకంటే ఒక ఏడు పెద్దది, నల్లగా, పొడుగ్గా, ముందుపళ్ల మధ్య సందుతో ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. నాంచారమ్మ తరవాత నుయ్యి వీరమ్మదే అని దిబ్బంతా అనుకునేది. నీటి రుచిలో మా ఇద్దరికీ పందాలు. చెలమల నీళ్లు నాలుగు ముంతల్లో తెచ్చి ఏది ఎక్కడిదో చెప్పమనేది నాంచారమ్మ. నేను మూడు చెప్తే వీరమ్మ నాలుగూ చెప్పేది. పాటు వేళ పాతూరి నేల మీద, పాదం మునిగే నీళ్లలో, ఇటుకల గీతలే గళ్లుగా తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. నీళ్లు చిందించుకుంటూ ఒంటికాలి మీద గెంతుతుంటే, మా కింద ఎవరి ఇల్లుందో, ఎవరి పొయ్యి ఉందో అనే ఆలోచనే నాకు రాలేదు.

ఇదంతా మా బళ్లో చెప్పకుండా ఉంటానా? సెలవులైపోగానే అయిదో తరగతి ఆడపిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని సముద్రంలో ఊరు, మెట్లు, తియ్యటి నుయ్యి అని కళ్లు తిప్పుతూ చెప్పాను. కాస్త కలిపి కూడా చెప్పాను, దాచడమెందుకు. నీళ్ల అడుగున నేనొక గుడి గంట చూశానన్నాను. “నీళ్లలో ఊరుంటే పొయ్యి ఎట్టా రాజేస్తారే?” అని ఒక పిల్ల అడిగింది. అంతే, తరగతంతా పగలబడి నవ్వింది, పంతులుగారు కూడా కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు నించి నా పేరు మునిగిన ఊరి మహారాణి. దారిలో కనిపిస్తే చాలు, పొయ్యి రాజుకుందా అని అడిగేవాళ్లు. పదేళ్ల పిల్లకి అంతకంటే పెద్ద కష్టం ఉంటుందని నేననుకోలేదు. ఈసారి వెళ్తే రుజువు తెచ్చి వాళ్ల మొహాన కొట్టాలని ఆ ఏడాదంతా పళ్లు నూరుకున్నాను.

ఏ రుజువు తేవాలో కూడా నాకు ముందే తెలుసు. నూతి గట్టులో, మూత కిందికి వచ్చే వరసలో ఒక ఇటుక ఉండేది. అది పచ్చిగా ఉన్నప్పుడు ఎవరి చంటిపిల్లో దాని మీద అడుగేసింది. అయిదు వేళ్లూ, మడమా, అచ్చంగా నిన్ననే వేసినట్టు ఉండేవి. మా చిన్న తమ్ముడి పాదం అంత. ఆ ఇటుక మీద చెయ్యి పెట్టి ఎన్నిసార్లు తడిమానో లెక్కలేదు. అది చూపిస్తే ఎవడు నవ్వుతాడో చూద్దాం అనుకున్నాను.

మూడో ఏడు వైశాఖ పున్నానికి నాంచారమ్మకి మోకాళ్లు పట్టేశాయి. ఆ రోజు పాతూరికి పొంగలి పెట్టే రోజు. మొదటి కడవ నీళ్లతో బెల్లం పరమాన్నం వండి, ఒక గరిటెడు గోడల వైపు విసిరి, మిగతాది ఆకుల్లో అందరికీ పంచేవారు. ముసలామె నావ చెక్క మీద కూర్చుని అన్నీ చెప్పి చేయించి, నీళ్లు తోడడం అయిపోయాక అందరి ఎదురుగా అంది, “ఇయ్యాల మూత మా వీరి ఏస్తది.” వీరమ్మ మొహం చూడాలి అప్పుడు. నవ్వకుండా ఉండాలని పెదాలు బిగించుకుంది, ఆ సందు పళ్లు దాగలేదు. అందరూ కడవలెత్తుకుని ఒడ్డుకి వెళ్తుంటే నేను సాయం ఉంటానని నిలబడిపోయాను.

నా నడుముకి ఒక గుడ్డసంచి ఉంది. అందులో పొద్దున నేనే దంచిన వేరు, మెత్తగా, పిండిలా, దానితోపాటు కాస్త పటిక. కొత్త వేరు బలం ఎంతో ముంతెడు నూతినీళ్లలో చిటికెడు వేసి చూడమని నాన్న ఇచ్చాడు. వీరమ్మ చాప దోపబోతూ మన్ను చాలదని చూసి, తట్ట తీసుకుని ఒడ్డుకి పరుగెత్తింది. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదనిపించింది. వంగి రెండు చేతులతో ఆ ఇటుకని కదిపాను. అది తేలిగ్గా, ఎదురుచూస్తున్నట్టే వచ్చేసింది. దాని వెనకే కన్నం, కన్నంలోంచి ఇసకా ఉప్పునీళ్లూ నూతిలోకి బుడబుడమని దిగడం మొదలైంది. తిరిగి పెడదామంటే చుట్టూ ఇటుకలు కుంగి అది పట్టలేదు. అప్పటికే పోటు తిరుగుతోంది.

మా పాకలో బాన ఎక్కడైనా చెమ్మగిల్లితే వేరు పిప్పిని గుడ్డలో చుట్టి కూరేవాళ్లం. నీళ్లకి ఉబ్బి అది కన్నాన్ని బిగబట్టేస్తుంది. ఆ గడుసుదనమే అప్పుడు నాకు తట్టింది. సంచి మూతి బిగించి కన్నంలో కుక్కి, పైన ఉన్న మన్ను మెత్తాను. ఇటుకని పావడా కుచ్చెళ్లలో చుట్టుకున్నాను. పాకలో మేం కూరేది రంగంతా దిగిపోయిన పిప్పి, ఇది ఇంకా నీళ్లే తగలని వేరు అన్న తేడా నాకు తట్టలేదు. రంగులవాళ్ల ఇంట్లో పుట్టి ఆ మాత్రం తట్టకపోవడం చూస్తే నాకు ఇప్పటికీ నా మీద అసహ్యం వేస్తుంది. వీరమ్మ తట్టతో వచ్చి, నేను మెత్తిన చోటు చూసి, “భలే మెత్తావే” అని మెచ్చుకుని, చాప దిగ్గొట్టి, పైనంతా ఎంతో శ్రద్ధగా మూసింది.

మర్నాడు వీరమ్మ నూతి దగ్గరికి రాలేదు. పొద్దున్నే ఆమె పెద్దమనిషైందనీ, గుడిసె మూల కూర్చోబెట్టారనీ ఆడవాళ్లు సంబరంగా చెప్పుకున్నారు. మధ్యాహ్నం పాటు తీశాక మూత తీసి, పై నీళ్లు తోడి, ఆగి, చేద దింపారు. పైకి వచ్చిన నీళ్లు కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. ఇంకోసారి దింపారు. ఇంకా ఎర్రగా. ఆ తరవాత ఒకావిడ మెల్లగా, “నిన్న ఆ పిల్లేగా మూసింది” అంది. అందరి తలలూ గుడిసెల వైపు తిరిగాయి.

నాంచారమ్మ కర్ర ఊనుకుంటూ ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్లి తడిక పక్కన నిలబడ్డాను. “నిన్న నూతి కాడ ఉన్నప్పుడే అయిందటే?” అని అడిగింది ముసలామె. “నాకు తెల్దు మామ్మా. అయ్యుంటదేమో” అంది వీరమ్మ. తడికకి ఇవతల, చేతికందే దూరంలో నేనున్నాను. చేతులు వెనక్కి దాచుకున్నాను. గోళ్ల కింద ఎరుపు ఉంది, కానీ మా ఇంటివాళ్ల చేతులు ఎప్పుడూ ఎరుపే కదా, ఎవరు చూస్తారు?

సొంత మనవరాలైనా నాంచారమ్మ తప్పించలేదు. నుయ్యి చూసే మనిషి తన వాళ్లని వెనకేసుకొస్తే ఇంక ఆ మాటకి విలువేముంది? ఈ జన్మలో వీరమ్మ ఆ నూతి దగ్గరికి రాకూడదనీ, దాని నీళ్లున్న కడవా ముంతా ముట్టుకోకూడదనీ, ఎవరైనా పోస్తే దోసిట్లో తాగాలనీ ఆమే అందరి ముందూ చెప్పింది. ముందురోజు పట్టిన మంచినీళ్లు కూడా మైలేనని బానలన్నీ ఒలకబోశారు. ఆ ఎండల్లో తియ్యటి నీళ్లు ఇసకలో ఇంకిపోతుంటే చంటిపిల్లల తల్లులు ఏడ్చారు. పోసినవాళ్లూ వాళ్లే, ఏడ్చినవాళ్లూ వాళ్లే.

అప్పుడు మా నాన్న వచ్చాడు. దోసిలి పట్టి ఆ ఎర్రనీళ్లు తీసుకుని నాలిక చివర వేసుకున్నాడు. ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు. కళ్లు మాత్రం ఒక్కసారి నా నడుము వైపు వచ్చి, సంచి లేకపోవడం చూసి, వెళ్లిపోయాయి. “నేను దిగి చూస్తాను, తల్లీ” అన్నాడు నాంచారమ్మతో. పంచె ఎగ్గట్టి నూతిలోకి దిగి, చేత్తో తడుముతూ చాలాసేపు ఉన్నాడు. పైకి వచ్చినప్పుడు ఎడమచేతి పిడికిలి మూసి ఉంది, మరుక్షణం అది కండువా కిందికి పోయింది. గోడల్లోంచి ఇంకో ఇటుక వెతికి తెచ్చి, చెక్కి, కన్నానికి బిగించి, మన్ను పెట్టాడు. రెండు పాట్లు నీళ్లు తోడిపోస్తే తేటపడుతుందని చెప్పాడు, అలాగే తేటపడింది. ఆయన చేతులకి వాళ్లు దణ్ణాలు పెట్టారు. నూతిని బాగుచేశాడు. పిల్లని బాగుచేసే మాట మాత్రం ఆయన నోటి నించి రాలేదు.

తిరుగు ప్రయాణంలో, నది పెద్ద పాయలోకి వచ్చాక, నాన్న నా బట్టల మూట విప్పి ఇటుక తీశాడు. ఆ చిన్న పాదం మీద బొటనవేలితో రాస్తూ కాసేపు కూర్చున్నాడు. చప్పుడు కాకుండా నీళ్లలోకి జారవిడిచాడు. కోపం వస్తే వీధంతా వినపడేలా కేకలేసే మనిషి, ఆ రోజు నన్ను కొట్టినా బాగుండేది. “వచ్చే ఏడు కూడా మనకి వేరు కావాలి గదమ్మా” అన్నాడు, నా వైపు చూడకుండా. అదే మొదలు, అదే ఆఖరు. ఆ తరవాత ఆయన బతికున్నన్నాళ్లూ మా మధ్య ఆ మాట రాలేదు. నన్ను మళ్లీ దిబ్బకి తీసుకెళ్లలేదు. తానొక్కడే రెండు వేసవులు వెళ్లివచ్చాడు. ఈలోగా యుద్ధం అయిపోయి సీమ రంగు మళ్లీ డబ్బాల్లో దిగింది, వేరుతో పని తీరిపోయింది. అంటే మేము వీరమ్మని ఇచ్చి కొనుక్కున్నది రెండు వేసవుల వేరు.

నేను చదువుకున్నాను, బెజవాడలో ఆడపిల్లల బళ్లో టీచరునయ్యాను. దివిసీమకి ఉప్పెన వచ్చిన ఏడు, మా టీచర్లం కొందరం పాత చీరలు, దుప్పట్లు పోగుచేసుకుని అటువైపు ఒక బళ్లో పెట్టిన శిబిరానికి వెళ్లాం. వరండాలో నీళ్ల డ్రమ్ము ఉంది, పక్కనే గ్లాసు. జనం తోసుకుంటూ ముంచుకుని తాగుతున్నారు. ఒక ఆడమనిషి మాత్రం డ్రమ్ముకి బారెడు దూరంలో దోసిలి పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసు తీసుకోవమ్మా అని ఎవరో విసుక్కుంటే, “నేను ముట్టుకోకూడదండీ, కాస్త పొయ్యండి” అంది. ముందుపళ్ల మధ్య సందు. చేతిలో దుప్పట్లు కింద పెట్టి దగ్గరికి వెళ్లాను.

నేనెవరో చెప్తే వీరమ్మ ఎంతో సంతోషించింది. రంగులాయన కూతురా అని నా చేతులు పట్టుకుంది. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాణ్ణి నీళ్లు తీసుకుపోయాయని చెప్పింది. ఏడవలేదు. “నా మూలానేనండీ. చిన్నప్పుడు నూతిని మైల చేశాను గదా, పాతూరు మర్చిపోలేదు” అంది. ముప్పై ఏళ్లకి పైగా మోసి మోసి అలవాటైన బరువుని ఇంకొకరికి చూపించినట్టు, మామూలుగా అంది.

అప్పుడు చెప్పాను. ఆ వరండాలో, ఆమె చేతులు పట్టుకునే, అన్నీ చెప్పాను. ఇటుక, కన్నం, సంచి, వేరు. ఆ ఎరుపు మా రంగేననీ, నువ్వు ఏ పాపమూ చెయ్యలేదనీ, నీ కొడుకు నీ వల్ల పోలేదనీ చెప్పాను. వీరమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. చంటిపిల్లని చూసినట్టు చూసింది. “మీది పెద్ద మనసండీ. నా ఏడుపు తగ్గిద్దామని ఇంత మాట మీ మీద ఏసుకున్నారు” అంది. నేను కాదు కాదంటుంటే తల అడ్డంగా తిప్పింది. “అదే నిజమైతే మీ నాయనకి తెలిసుండదా? నూతిలో దిగింది ఆయనే గదండీ. ఆయన నాలికకి తెలీందేముంది? అట్టాంటి మడిసి, తెలిసి, నన్ను అట్టా ఒగ్గేసి పోతాడా?”

అప్పటికి నాన్న పోయి ఆరేళ్లు. వీరమ్మకి మిగిలిన మంచివాళ్లలో ఆయనొకడు, నాకున్న ఒక్క నాన్న ఆయన. ఒక్క మాట చాలు ఆమె నమ్మడానికి, ఆ ఒక్క మాట నేను చెప్పలేదు. ఆమె దోసిలి పట్టింది, నేను నీళ్లు పోశాను.

కొన్నేళ్లకి వీరమ్మ పోయిందని తెలిసింది. అటువైపు నావ నడిపే మనిషి ఎవరైనా కనిపిస్తే అడుగుతూ ఉంటాను. వేళ్లదిబ్బ ఇప్పుడు పాటు మీద ఒక ఇసక గీతలా కనిపిస్తుందట, పోటుకి అదీ ఉండదట. పాతూరి పక్కన దిబ్బ కూడా మునిగింది. చిరివేరు మొక్కని గుర్తుపట్టేవాళ్లు మా వీధిలో లేరు, మా వీధిలో మగ్గాలే లేవు. నాంచారమ్మ లేదు, ఒలకబోసిన నీళ్లకి ఏడ్చిన తల్లులు లేరు, అవునో కాదో చెప్పగలిగిన మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే. అందుకని ఆ రోజు వరండాలో మింగేసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. వీరమ్మా, మా నాన్నకి తెలుసు.